ఎర్రదారం కట్టిన కొమ్మలు

తిరుత్తణి,
9 మే 1957

పెద్దమ్మకు నీ చెల్లెలి కూతురు దేవకి దణ్ణాలు పెట్టి రాసేది.

ఇక్కడ మేమంతా బాగున్నాం, ఎండ మాకంటే బాగుంది. కత్తిరి ఎండలు మొదలై ఐదు రోజులైంది. కొండ కింద కొత్త ఇంట్లోకి వచ్చామని రాశాను గదా. ఇల్లు చల్లగా ఉంది. ఇంటి ముందు నేల ఉందే, అది నేల కాదు పెద్దమ్మా, గులకరాళ్ళ కుప్ప. గడ్డపార దించితే నిప్పురవ్వలు లేస్తున్నాయి.

ఇప్పుడు నా కష్టం చెబుతా విను. మా అత్తగారు కమలమ్మకు ఒక మొక్కుంది. నీ అల్లుడు జయచంద్రకు తొమ్మిదో ఏట విషజ్వరం వచ్చి డాక్టరు కూడా చేతులెత్తేశాడట. అప్పుడామె కొండ మీది స్వామివైపు తిరిగి, బిడ్డ బతికితే సొంత నేలలో పెంచిన పూలతో ఆడికృత్తిక పండక్కు వాడి భుజాన పూలకావడి ఎత్తించి కొండెక్కిస్తానని మొక్కింది. బిడ్డ బతికాడు, జవుళి కొట్టు పెట్టాడు, నన్ను చేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళూ కొట్టు పైన మిద్దెలోనే కాపురం. సొంత నేల ఎక్కడిది? కొన్న పూలు మొక్కుకు పనికిరావు. ఇప్పుడు నేల వచ్చింది, పూలు రావడం లేదు.

నిరుడు గులాబీ పెట్టాం, మల్లె పెట్టాం, చామంతి పెట్టాం. అన్నీ పోయాయి. మల్లె ఒక్కటి మొగ్గ తొడిగితే పక్కింటి వళ్ళియమ్మ చూసి, "అబ్బా, ఎన్ని మొగ్గలో!" అన్నది. వారం తిరక్కుండా మాడింది. అప్పటినుంచి మా అత్తగారికి దిష్టి భయం పట్టుకుంది. గేదె ఎన్ని పాలిస్తుందని ఎవరైనా అడిగితే, "ఏదో ఇస్తా ఉండాది" అంటుంది. తోడుకున్న పెరుగు బాగుందన్నా ఒప్పుకోదు.

చిన్నప్పుడు సెలవులకు పాండూరు వస్తే కాళ్ళు కడుక్కుంటేగాని నీ తోటలోకి రానిచ్చేదానివి కాదు. గుడిలోకి కూడా నేనంత భయంగా పోలేదు. అంత తోట పెంచిన చెయ్యి మన బంధువుల్లో ఇంకొకరికి లేదు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండాలి, ఎండకు తట్టుకోవాలి, పూటపూటా నీళ్ళడగకూడదు. అలాంటి పూలచెట్లేవో నువ్వే చెప్పాలి.

నీ జవాబు కోసం వీధిలోకి చూస్తూ,
దేవకి

పాండూరు, తిరువళ్ళూరు దగ్గర,
16 మే 1957

దేవకికి తులసమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. రాళ్ళలో గులాబీ పెట్టావా? ఇంకా నయం, తామర పెట్టలేదు! చెట్టును ముఖం చూసి తెచ్చుకుంటారా ఎవరైనా? నీకు మొగుణ్ణి వెతికినప్పుడు కూడా మీ నాయన అంత తొందరపడలేదు.

నేను పేర్లు చెప్పను. నువ్వే చూసుకోవాలి. కత్తిరి పోకముందే ఒకనాడు నడిమధ్యాహ్నం గొడుగు పట్టుకుని బయలుదేరు. ఎవరూ చెంబెడు నీళ్ళు పోయని చోట్లకే పో. రైలు కట్ట, శవాలు కాల్చే సుడుగాడు, రాళ్ళు కొట్టే గుట్ట, కొండ మెట్ల సందులు. ఏ చెట్టు తల వేలాడేసింది, ఏది ఆకు వాడకుండా నిలబడింది, అది చూడు. పొద్దున్నే పోవద్దు. పొద్దున పూట అన్ని చెట్లూ మంచివే. కత్తిరిలో నడిమధ్యాహ్నం పూసి ఉన్నదే నీ నేలకు చెట్టు.

మీ అత్తగారి దిష్టి సంగతి చదివి కడుపు పట్టుకుని నవ్వాను. ఆమెను నా మాటగా అడుగు: "వదినా, నలభై ఏళ్ళుగా ఊరు ఊరంతా నా తోట చూసి నోరు తెరిచింది, ఒక్క ఆకైనా రాలిందా?" చెట్టును చంపేది వళ్ళియమ్మ కన్ను కాదు, తప్పు నేలలో పెట్టిన చెయ్యి. ఆ చెయ్యి నీదే.

అయినా అత్తగారి మొక్కు కోసం గడ్డపార పట్టావు చూడు, అది నాకు నచ్చింది. మీ అమ్మకు నీ అంత ఓపిక లేదు.

మీ పెద్దమ్మ

తిరుత్తణి,
25 మే 1957

పెద్దమ్మకు,

పోయాను. మూడు రోజులు పోయాను. మొదటిరోజు గొడుగు తీస్తుంటే నీ అల్లుడు, "ఈ ఎండలో యాడికి పోతా ఉండావు?" అన్నాడు. "చెట్లను పలకరించేదానికి" అన్నాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు, వాళ్ళమ్మ కొండవైపు చూసింది.

రైల్వే గేటు పక్కన గన్నేరు! కట్ట మీద కంకర తప్ప మట్టి లేదు. రైలు పట్టాలు చెయ్యి పెడితే కాలేట్టున్నాయి. అది మాత్రం గుత్తులు గుత్తులుగా పూసి నిలబడింది. గేటు కాసే ఆదిమూలం నాకు కుండలో నీళ్ళిచ్చి, "ఆరేళ్ళుగా ఉండాను తల్లీ, దీనికి ఒక చుక్క పోసింది లేదు. మేకలు కూడా తాకవు. అరళి, అదే గన్నేరు గదా, చేదు" అన్నాడు. సుడుగాడి గోడ వెంట ముళ్ళగోరింట ఉంది, పూత లేదుగాని ఆకు పచ్చగా ఉంది. కొండ మెట్ల సందుల్లో బిళ్ళగన్నేరు, రాతి పగులులో వేలెడు మట్టి కూడా లేదు, పూసింది. మంచినీళ్ళ బావి పక్కనున్న మల్లె మాత్రం తల వేలాడేసింది.

పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ దారిన నడుస్తున్నాను. ఒక్కరోజు వాటిని చూడలేదు. నువ్వు ఒక్క ముక్క రాస్తే కళ్ళు వచ్చాయి. మీ బడి ఏదో చెప్పు పెద్దమ్మా, నేనూ చేరతాను. మెడ వెనక కమిలి తోలు లేచింది, అది వేరే సంగతి.

గన్నేరు, ముళ్ళగోరింట, బిళ్ళగన్నేరు. ఈ మూడూ నీ చేతి మీదుగా పంపు. స్వామికి ఎర్రపూలంటే ఇష్టమని మా అత్తగారి మాట, గన్నేరులో ఎరుపుంటే మరీ మంచిది.

కమిలిన మెడతో,
దేవకి

పాండూరు,
30 జూలై 1957

దేవకికి,

ప్యాసయ్యావు. మూడు పేర్లూ సరిగ్గా చెప్పావు. నేను నీ వయసులో ముళ్ళగోరింటను కలుపుమొక్కని పీకేశాను.

పూలబుట్టల పెరుమాళ్ పొద్దుటి రైలుకు తిరుత్తణి వస్తున్నాడు, మీ కొట్టులో మూట ఇస్తాడు. తడిగోనెలో చుట్టాను. వాటిలో జానెడు పొడుగున మూడు కొమ్మలకు ఎర్రదారం కట్టాను. వాటిని వేరుగా తీసి పెట్టు, నేను చెప్పేది నిదానంగా చదువు.

అవి మా అమ్మ చెట్టువి, అంటే మీ అవ్వ చెట్టువి. ముద్దగన్నేరు, నెత్తురెరుపు. ఆ రంగు గన్నేరు నేను ఇంకెక్కడా చూడలేదు. నేను కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ నగలపెట్టె మీద తడిగుడ్డలో చుట్టిన కొమ్మ పెట్టి, గుర్తుకు ఎర్రదారం కట్టింది. అక్కడ అమ్మ పోయింది, ఇల్లు పోయింది, చెట్టూ పోయింది. ఇక్కడ నా తోటలో ఉన్నది ఒక్కటే. ఇప్పుడు ఈ తోట నా మరిది గుర్నాథం భాగంలోకి పోయింది. మంచి బంకమట్టి అని ఇటుకబట్టీ వాళ్ళకు మాటిచ్చాడు. రెండేళ్ళు ఆగుతానన్నాడు, మూడేళ్ళు ఆగితే గొప్ప. నాకు పిల్లల్లేరు, నాకేమీ అక్కరలేదు. ఆ చెట్టు నాతో పోకూడదు, అంతే.

మూరెడు గొయ్యి తియ్యి. చెరువు ఒండ్రు సగం, పాత సున్నం పెళ్ళలు సగం. తీసిన గులకరాళ్ళు పారేయకు, మొదలు చుట్టూ పరుచు, వేరు చల్లగా ఉంటుంది. నీళ్ళు నిలవనియ్యకు, గన్నేరు దాహంతో చావదు, నీళ్ళు నిలిస్తే చస్తుంది. కొమ్మ విరిస్తే కారే పాలు కళ్ళకు తగలనియ్యకు, విషం.

బతికిందీ లేనిదీ వెంటనే రాయి. నేను ఎదురుచూస్తుంటాను.

తులసమ్మ

తిరుత్తణి,
2 అక్టోబరు 1957

పెద్దమ్మకు,

మూట పెరుమాళ్ భద్రంగా ఇచ్చాడు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాం. గోతులు నీ అల్లుడే తవ్వాడు, రెండు రోజులు నడుము పట్టుకుని కొట్టులో నిలబడ్డాడు. రాళ్ళు మా అత్తగారు తన చేత్తో ఏరింది. అరవై ఏళ్ళ మనిషి, వద్దంటే వినలేదు. నీ ఉత్తరం ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. మీ అమ్మగారి సంగతి దగ్గర ఆమె కొంగు కళ్ళకు అద్దుకుంది.

వానలు మంచివే పడ్డాయి. వళ్ళియమ్మ కోడలికి సీమంతం చేశారు, నేను గాజులు పెట్టి వచ్చాను. కొట్టులో ఈసారి కంచి చీరలు దించారు, నీకొకటి దాచాను, అరటాకుపచ్చ. గేదె ఈనింది, పాలు ఏదో ఇస్తా ఉంది. మొన్న కొండ మీద పెద్ద కోతి ఒకటి అర్చకుల ఉత్తరీయం ఎత్తుకుపోయింది.

ఒకసారి రా పెద్దమ్మా. ఎన్నాళ్ళయింది నిన్ను చూసి! రైలు ఎక్కితే పూట ప్రయాణం కూడా కాదు. వచ్చి నీ కళ్ళతో అన్నీ చూడు.

నీ మీద గౌరవం రోజు రోజుకూ పెరుగుతున్న,
దేవకి

పాండూరు,
18 జనవరి 1958

దేవకికి,

ఎంత చక్కటి ఉత్తరం రాశావు! గేదె ఉంది, కోతి ఉంది, వళ్ళియమ్మ కోడలుంది. నేనడిగిన ఒక్క మాట లేదు. మూడుసార్లు తిప్పి తిప్పి చదివాను, పేజీ వెనక కూడా చూశాను.

చస్తే చచ్చిందని రాయవే. నేను ఏడవను. మొదటిసారి కొమ్మ బతకకపోతే అది నీ తప్పు కాదు. బతికి ఉంటే ఇప్పుడు నీళ్ళు తగ్గించు. వారానికి ఒకసారి, ఆపైన పదిహేను రోజులకు ఒకసారి. దాని కడుపు మాడ్చాలి, అప్పుడే వేరు లోతుకు పోతుంది. మొదటి ఏడు పైకి ఏమీ కనపడదు, అంతా కిందనే జరుగుతుంది. కంగారుపడి పీకి చూడొద్దు, నీ సంగతి నాకు తెలుసు.

రమ్మన్నావు. మోకాలు నన్ను గడప దాటనిస్తే గదా. నువ్వే రా.

మీ పెద్దమ్మ

తిరుత్తణి,
11 జూన్ 1958

పెద్దమ్మకు,

ఈ ఏడు కత్తిరి దంచింది. కొట్టు ముందు పందిరి తాటాకులు పెటపెటలాడి చీలాయి. మేం బాగున్నాం.

కొన్ని సంగతులు తెలుసుకుందామని రాస్తున్నాను. గన్నేరుకూ గన్నేరుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి? కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి? కత్తిరిస్తే ఎంత వదలాలి? ముళ్ళగోరింటను కంచెగా పెంచితే గన్నేరు వేరును తినేస్తుందా? నీకు తెలియనిది ఉండదు గనక అడుగుతున్నాను. ఇక్కడ అడిగితే ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. నువ్వు మాత్రం చెప్పాక చేసి చూస్తే ప్రతిసారీ నువ్వు చెప్పినట్టే ఉంటుంది.

పాండూరు రావాలనే ఉంది. ఇప్పట్లో వీలుపడదు. నువ్వు రా. నీ కాళ్ళకు నేను నూనె రాస్తాను, బండి స్టేషనుకే పంపుతాను.

దేవకి

పాండూరు,
29 జూన్ 1958

దేవకికి,

ఎడం ఎంత, కత్తిరింపు ఎప్పుడు... అంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతున్నావన్నమాట. సరే. నాకు అర్థమైంది.

ఎడం ఐదడుగులు. పూత అయ్యాక, వానకు ముందు కత్తిరించు, మూరెడు వదులు. ముళ్ళగోరింట ఎవరి వేరూ తినదు, అది మర్యాదస్తురాలు.

పెరుమాళ్‌ను మీ ఇంటిదాకా పోయి చూసిరమ్మన్నాను. పోయాడట. "ముందు తడిక కట్టేసినారమ్మా, లోపల ఏముండాదో తెలీలేదు. దిష్టిబొమ్మ ఒకటి మాత్రం నిలబడి ఉండాది" అన్నాడు. అంటే నీ తోటలో నిలిచి బతికింది దిష్టిబొమ్మ ఒక్కటేనన్నమాట. పెద్దమ్మ మనిషి చూసిపోతాడని తడిక కట్టుకోవాలా దేవకీ? నేను పరాయిదాన్నా?

కోపం లేదు. మళ్ళీ మూడు కొమ్మలు పంపుతున్నాను, ఎర్రదారం కట్టాను. ఇవి ముదురువి, బతకడానికి ఎక్కువ వీలుంది. బట్టీవాళ్ళు వచ్చి తాళ్ళు వేసి కొలుచుకుపోయారు.

తులసమ్మ

తిరుత్తణి,
14 ఆగస్టు 1959

పెద్దమ్మకు,

కృత్తిక జనం ఇప్పుడిప్పుడే తగ్గారు. కొండ మెట్లన్నీ కావళ్ళే, హరోంహర కేకలతో చెవులు గింగురుమన్నాయి. మేం ఈ ఏడు కూడా కావడి ఎత్తలేదు. మా అత్తగారు మెట్ల కింద నిలబడి పైకి చూసి, "వచ్చే ఏడు చూద్దాం స్వామీ" అని వచ్చేసింది.

పెద్దమ్మా, నా మీద కోపం పెట్టుకోకు. నువ్వు ఒక్కసారి వచ్చి చూస్తే చాలు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

దేవకి

పాండూరు,
3 సెప్టెంబరు 1959

తల్లీ,

కావడి ఎత్తలేదని చదివాను. ఇక అడగను. మీ నాయన కూడా ఇంతే, చెడ్డ కబురు నోటితో చెప్పలేడు, వాన సంగతి మాట్లాడతాడు. నా మనసు నొచ్చుకుంటుందని రెండేళ్ళుగా తిప్పలు పడ్డావు. నన్ను చూడలేక పాండూరు రావడం కూడా మానేశావు. పిచ్చిదానా, చెట్టు పోతే నువ్వు కూడా పోవాలా?

ఆ రాళ్ళలో, ఆ ఎండలో, ఒకరి మొక్కు కోసం ఇన్నాళ్ళు పాటుపడ్డావు. నా చెల్లెలి కడుపున నువ్వు పుట్టినందుకు నాకు గర్వంగా ఉంది. ఇక్కడ అరుగు మీద తొట్టిలో ఒక కొమ్మ పెట్టుకున్నాను, అది ఉంది. దిగులుపడకు.

మీ పెద్దమ్మ

పాండూరు,
22 మార్చి 1960

దేవకికి,

నిన్న చెట్టు పోయింది.

పొద్దున ఆరుగురు వచ్చారు. గుర్నాథం నా ముఖం చూడలేక తిరువళ్ళూరు పోయాడు. మొదలు తీయడానికి వాళ్ళకు ఒక పూట పట్టింది. ఒకడు, "ఏం వేరమ్మా ఇది, బావిలోకి పోయినట్టుండాది" అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషమైంది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది.

తొట్టిలో కొమ్మ కూడా లేదు. మాఘంలో నాకు జ్వరం వచ్చి పదిరోజులు పడుకున్నాను. పనిమనిషి పాపం ప్రేమగా పూటపూటా నీళ్ళు పోసి వేరు కుళ్ళబెట్టింది. చెట్టున్నప్పుడే ఊళ్ళో నలుగురికి కొమ్మలిచ్చాను. ఈ బంకమట్టిలో వానకు నీళ్ళు నిలిచి వాళ్ళవీ పోయాయి. నాది ఒక్కటే మిట్టన ఉండి బతికింది. ఇప్పుడు మట్టితో మిట్ట కూడా పోతోంది.

మా అమ్మ చెట్టును నేను కాపాడలేకపోయాను. ఇది చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు.

తులసమ్మ

తిరుత్తణి,
4 ఏప్రిల్ 1960

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. నిజంగా తినలేదు.

ఈ నెల ఒకటో తేదీ నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరిపోయింది. ఇన్నాళ్ళూ నువ్వొక రాష్ట్రం, నేనొక రాష్ట్రం అని వెక్కిరించేదానివి. ఇప్పుడా సాకు కూడా లేదు. ఈ ఆడికృత్తికకు నువ్వు రావాలి. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. ఎందుకని అడగొద్దు. చెప్పలేను.

దేవకి

పాండూరు,
15 ఏప్రిల్ 1960

దేవకికి,

రాను. నా చెట్టు పోయిన ఏడాది అందరి పూలకావళ్ళూ చూడటానికి నన్ను మెట్ల దగ్గర నిలబెడతావా? నీకు మనసెలా వచ్చింది? మోకాలి నొప్పి అని రాయవచ్చు. అది అబద్ధం. నొప్పి మోకాల్లో లేదు.

తులసమ్మ

తిరుత్తణి,
20 ఆగస్టు 1960

పెద్దమ్మకు దేవకి సాష్టాంగపడి రాసేది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, పెరుమాళ్‌కూ ఇవ్వడం లేదు. మా అత్తగారు తానే తెస్తోంది. ఆమె ఒళ్ళో ఉన్న మూట విప్పకముందు ఇది చదువు.

నీ చెట్టు బతికింది. మొదటి మూడు కొమ్మల్లో ఒకటి వారంలోనే పోయింది. తక్కిన రెండూ చిగిర్చాయి. రెండోసారి పంపిన మూడూ బతికాయి. వాటినుంచి కత్తిరించి నాటినవి కలిపితే ఇప్పుడు పద్దెనిమిది చెట్లు పెద్దమ్మా! పద్దెనిమిది! పెద్దవి తడిక అంత ఎత్తు. ఎడం ఐదడుగులు, ముళ్ళగోరింట కంచె, అన్నీ నువ్వు చెప్పినట్టే. ఈ కత్తిరిలో నడిమధ్యాహ్నం తడిక తీసి చూశాను, ఒక్క ఆకు వాడలేదు. అంత ఎరుపు చూసి నా కళ్ళు నీళ్ళు పెట్టాయి.

నాటిన రోజు మా అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "పూలు కొండెక్కేదాకా ఈ చెట్లు బతికినాయని గానీ పోయినాయని గానీ నోటితో చెప్పొద్దు, చేత్తో రాయొద్దు" అన్నది. "మా పెద్దమ్మకు కూడానా?" అన్నాను. "చెప్పకూడదని చెప్పేది కూడా చెప్పినట్టే" అన్నది. నవ్వుకున్నాను. ముసలామె ముచ్చట తీరుద్దామని ఒప్పుకున్నాను. వచ్చి కళ్ళతో చూస్తే మాత్రం తప్పులేదన్నది, చెట్టు నీది గనక నీ కన్ను తగలదట. అందుకే ప్రతి ఉత్తరంలో రా రా అని పిలిచాను. పాండూరు వస్తే నీ ముఖం చూసి చెప్పేస్తానని భయపడి మూడేళ్ళు రాలేదు. తడిక నీ కోసం కట్టింది కాదు, వళ్ళియమ్మ కోసం. నిరుడు పూసిందిగాని కావడికి చాలినన్ని లేవు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చెట్టు పోయిందని నువ్వు రాసిన రోజున మా అత్తగారు, "చాల్లే, రాసెయ్యి. మొక్కు పోతే పోనీ, ఆమె ఉసురు నాకొద్దు" అన్నది. వద్దన్నది నేను. అప్పటికి నాకూ భయం పట్టింది. నీ చెట్టు పోయాక ఆ ఎరుపు లోకంలో మా ఇంటి ముందొక్కచోటే ఉందనిపించింది. ఒక్క మాట బయటపెడితే ఏమవుతుందోనని ఆ సంగతి వదిలేసి ఉత్తరం ముగించాను. ఆమె భయానికి నవ్వినదాన్ని, ఆమెకంటే పిరికిదాన్నయ్యాను. ఆ నాలుగు నెలలు నువ్వు పడిన బాధకు బాధ్యురాలిని నేను, ఆమె కాదు.

కృత్తికనాడు నీ అల్లుడు కావడి ఎత్తాడు. మూడు వందల అరవై ఐదు మెట్లూ మా అత్తగారు ఆయన వెనకే ఎక్కింది. ఎక్కడా కూర్చోలేదు. పైన పూలు దించేటప్పుడు అర్చకులు, "ఏ ఊరి పూలమ్మా ఇవి, ఈ ఎరుపు ఎప్పుడూ చూడలేదే" అన్నారు. ఆమె, "పాండూరు తులసమ్మ పుట్టింటి పూలు సామీ" అని నీ పేరున కూడా దండం పెట్టింది.

ఇక మూట విప్పు. నాలుగు కొమ్మలున్నాయి. ఎర్రదారం నేనే కట్టాను.

నీ దేవకి

పాండూరు,
2 నవంబరు 1960

దేవకికి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదువుతూ మూడుసార్లు నిన్ను తిట్టాను. మీ అత్తగారు ఎదురుగా కూర్చుని ప్రతి తిట్టుకూ తల ఊపింది. ఆ తర్వాత మూట విప్పాను. కొమ్మల కింద అరటాకులో నాలుగు పూలు పెట్టావు చూడు, అవి చూశాక మా అమ్మ నగలపెట్టె కళ్ళ ముందుకొచ్చింది. ఇద్దరం ముసలివాళ్ళం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. గుర్నాథం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడు.

కమలమ్మ వదిన ఎనిమిది రోజులుంది. ఏం మనిషే! నీకు ఆమె దొరకడం నీ అదృష్టం, ఆమెకు నువ్వు దొరకడం అంతకంటే అదృష్టం. ఎక్కడ నాటాలని తోటంతా తిరిగాం. తోటేముంది, గొయ్యి. బట్టీ పక్కన పగిలిన ఇటుకలు పారేసిన గుట్ట ఒకటుంది. చెంబెడు నీళ్ళు పోస్తే నిమిషం నిలవలేదు. పొద్దస్తమానం ఎండే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నా మట్టి తవ్వుకుపోయిన బట్టీయే నా చెట్టుకు చోటు చేసి పెట్టింది. గుర్నాథం మారుమాట్లాడకుండా గడ్డపార తెచ్చి తానే తవ్వాడు.

ఇంకో సంగతి. పద్దెనిమిది చెట్లని అంకె వేసి రాశావే, బుద్ధుందా నీకు? ఆ పేజీ చించి పొయ్యిలో వేశాను. పోస్టులో వేసి ఉంటే పోస్టుమేను చదివేవాడు. ఇక మీదట చెట్లెన్ని, ఎత్తెంత అని ఎవరికీ రాయకు, నాకు కూడా రాయకు. పెరుమాళ్ చేత మంచి తాటాకు తడిక ఒకటి తెప్పించాను. దిష్టిబొమ్మకు మీ పెదనాయన పాత కోటు తొడిగాను.

మొన్న గుర్నాథం తడిక అవతల నిలబడి మెల్లగా అడిగాడు, "వదినా, బతికినాయా?" అని.

"ఏదో ఉండాయి" అన్నాను.

నువ్వు కూడా అడుగుతావు, నాకు తెలుసు. ఉత్తరంలో అడగొద్దు. రైలెక్కి రా, వచ్చి నీ కళ్ళతో చూడు.

మీ పెద్దమ్మ